మూడు సెకన్ల మౌనం

ఫార్మా ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్ట్. క్లీన్ రూమ్‌లకు గాలి పంపే బ్లోయర్లు ఇరవై, ఒక్కో మోటారుకు దాని వేగాన్ని అదుపు చేసే ఒక్కో డ్రైవ్. ఇరవై డ్రైవ్‌లూ ఒకే జత తీగ మీద, దండలో పూలలా వరసగా, కంట్రోల్ రూమ్‌లోని కంట్రోలర్‌కు, అంటే పీఎల్‌సీకి, కట్టి ఉన్నాయి. ఉన్నట్టుండి పందొమ్మిది డ్రైవ్‌ల మీద ఒకటే ఫాల్ట్: కమ్యూనికేషన్ పోయింది. పందొమ్మిది మోటార్లూ ఆగిపోయాయి. ఇరవయ్యో డ్రైవ్ మీద మాత్రం ఏ ఫాల్టూ లేదు. దాని డిస్‌ప్లే అసలు వెలగడమే లేదు. దానికి కరెంటు ఇచ్చే ఫ్యూజ్ పోయింది.

చెడిపోయింది అదొక్కటే. గగ్గోలు పెట్టిన పందొమ్మిదీ నిక్షేపంగా ఉన్నాయి.

ఇది లెక్క చెప్పడానికి కట్టుకున్న ఉదాహరణ, ఏ ఒక్క ఫ్యాక్టరీ కథా కాదు. అయినా జీడిమెట్లలోనో, పాశమైలారంలోనో, విశాఖ పక్కన పరవాడలోనో మెయింటెనెన్స్ పని చేసినవారికి ఈ దృశ్యం కొత్తగా ఉండదు. ఆ తర్వాత ఏం జరుగుతుందో కూడా వారికి తెలుసు. ఒకరు రీసెట్ కొడతారు. ఒకరు తీగలు కదిపి చూస్తారు. ఒకరు స్టోర్ నుంచి కొత్త కమ్యూనికేషన్ కార్డు తెప్పిస్తారు. ఏదో ఒక దశలో అన్నీ మళ్ళీ నడుస్తాయి, ఎందుకు నడిచాయో ఎవరికీ తెలియదు. మూడు వారాలకు మళ్ళీ అదే. అసలు కారణం అంకెల్లో ఉంది. ఆ అంకెలు తెలిస్తే కార్డులు మార్చే పని చాలాసార్లు తప్పుతుంది.

క్లీన్ రూమ్‌లో బ్లోయర్ ఆగడం చిన్న విషయం కాదు. శుభ్రత స్థాయి వేరైన రెండు పక్క గదుల మధ్య కనీసం 10 పాస్కల్‌ల ఒత్తిడి తేడా ఉండాలని స్టెరైల్ మందుల తయారీకి యూరప్ పెట్టిన నిబంధన చెబుతుంది. 10 పాస్కల్‌లు అంటే సుమారు ఒక మిల్లీమీటరు నీటి ఎత్తు ఒత్తిడి. అంత సన్నని తేడాను నిలబెట్టేది ఆ బ్లోయరే. అది ఆగితే మురికి గాలి లోపలికి వస్తుంది, తయారవుతున్న బ్యాచ్ మీద అనుమానం పడుతుంది.

ఫాల్ట్ చెప్పేది ఒక్క సంగతే

డ్రైవ్‌లో ఒక గడియారం ఉంటుంది. తన పేరు మీద సరైన సందేశం వచ్చిన ప్రతిసారీ అది సున్నాకు తిరుగుతుంది. మళ్ళీ సందేశం వచ్చేలోపు గడువు దాటితే ఫాల్ట్. అంతకుమించి దానికేమీ తెలియదు. తీగ తెగిందో, పీఎల్‌సీ ఆగిందో, పక్క డ్రైవ్ గొడవ చేస్తోందో దానికి కనబడదు. ‘ఇంతసేపు ఎదురుచూశాను, నన్నెవరూ పిలవలేదు’ అన్నదొక్కటే అది చెప్పగలిగిన మాట.

ఆ మాటను ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా రాస్తుంది. డాన్‌ఫాస్‌లో అలారం 17. సీమెన్స్‌లో ఎఫ్01910. యస్కావాలో, మోడ్‌బస్ మీద అయితే సీఈ, ఆప్షన్ కార్డు మీద అయితే బస్. ష్నైడర్ ఆల్టివార్‌లో ఎస్ఎల్ఎఫ్1. కోడ్ ఏదైనా మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఎంతసేపు ఎదురుచూసింది?

ఇక్కడే తేడాలు బయటపడతాయి. ఏబీబీ ఏసీఎస్550లో ఫ్యాక్టరీ నుంచి వచ్చే గడువు 3 సెకన్లు. యస్కావా ఏ1000లో 2 సెకన్లు. పవర్‌ఫ్లెక్స్ 525లో 5. ఆల్టివార్‌లో మోడ్‌బస్‌కు 10. ఏబీబీ ఏసీఎస్880లో ఫీల్డ్‌బస్ కార్డు మీద అయితే 0.3 సెకను. అంటే ఒకే అంతరాయానికి ఒక డ్రైవ్ పడిపోతుంది, పక్కనున్నది ఏమీ పట్టనట్టు తిరుగుతూనే ఉంటుంది. ‘ఆ కంపెనీ డ్రైవ్ గట్టిది, ఈ కంపెనీది నాసిరకం’ అని ప్లాంటులో తరచూ వినిపించే తీర్పు వెనుక చాలాసార్లు ఈ గడువుల తేడాయే ఉంటుంది.

మరో మెలిక ఉంది. గడియారాన్ని సున్నాకు తిప్పే సందేశం ఏదన్నది కూడా సెట్టింగే. ఏసీఎస్880 లాంటి డ్రైవ్‌లలో ఏ సందేశం వచ్చినా చాలునా, లేక రన్, స్పీడ్ ఆదేశాలు రాసే సందేశమే రావాలా అన్నది పారామీటర్‌తో ఎంచుకోవాలి. కంప్యూటర్ తెర మీద కరెంటు, స్పీడ్ చక్కగా కనిపిస్తూ ఉండగానే డ్రైవ్ కమ్యూనికేషన్ ఫాల్ట్ అంటుంటే ముందు చూడాల్సింది ఇదే.

హాజరు పట్టీ లెక్క

మోడ్‌బస్ 1979లో మోడికాన్ కంపెనీ తెచ్చిన పద్ధతి. ఇప్పటికీ మన ఫ్యాక్టరీల్లో డ్రైవ్‌లను కలిపే చవకైన దారి అదే. పనితీరు బడిలో హాజరు పిలిచినట్టు ఉంటుంది. మాస్టర్, అంటే ఇక్కడ పీఎల్‌సీ, ఒక్కో నంబరూ పిలుస్తుంది, ఆ నంబరు ‘ఉన్నాను సార్’ అనేదాకా ఆగుతుంది, తర్వాతి నంబరుకు వెళుతుంది. 1 నుంచి 247 దాకా నంబర్లు ఇవ్వవచ్చు. పిలవకుండా ఎవరూ మాట్లాడకూడదు.

ఒక్కో అక్షరానికి తీగ మీద 11 బిట్లు పడతాయి: మొదలుకు ఒకటి, సమాచారానికి ఎనిమిది, పారిటీకి ఒకటి, ముగింపుకు ఒకటి. బాడ్ రేట్, అంటే సెకనుకు వెళ్ళే బిట్ల సంఖ్య, 9600 అయితే ఒక అక్షరం వెళ్ళడానికి 1.146 మిల్లీసెకన్లు. ఒక సందేశానికీ మరో సందేశానికీ మధ్య కనీసం మూడున్నర అక్షరాల కాలం తీగ నిశ్శబ్దంగా ఉండాలి. అది 4 మిల్లీసెకన్లు.

ఇరవై బ్లోయర్ల దగ్గరికి వద్దాం. మాస్టర్ ఒక్కో డ్రైవ్‌తో రెండు పనులు చేస్తుందనుకుందాం. పది విలువలు చదువుతుంది, రెండు విలువలు రాస్తుంది. చదవమనే ప్రశ్న 8 అక్షరాలు, జవాబు 25. మొత్తం 33 అక్షరాలకు 38 మిల్లీసెకన్లు. రెండు నిశ్శబ్దాలకు 8. డ్రైవ్ ఆలోచించుకుని జవాబివ్వడానికి ఒక 10 వేసుకుందాం. వెరసి 56. రాసే పనికి ప్రశ్న 13 అక్షరాలు, జవాబు 8. అదే పద్ధతిన లెక్క వేస్తే 42. ఒక డ్రైవ్‌కు రెండూ కలిపి 98 మిల్లీసెకన్లు. ఇరవై డ్రైవ్‌లకు 1.96 సెకన్లు.

అంటే అంతా సవ్యంగా ఉన్న రోజు కూడా ఒక్కో డ్రైవ్‌కు పిలుపు వచ్చేది దాదాపు రెండు సెకన్లకు ఒకసారి. గడువు 3 సెకన్లు ఉంటే గడుస్తుంది. 2 సెకన్లు ఉంటే మంచి రోజున కూడా అంచు మీద నడకే.

ఇప్పుడు ఒక డ్రైవ్ ఫ్యూజ్ పోయింది. మాస్టర్ దాని నంబరు పిలిచింది, జవాబు లేదు. చాలా ప్రోగ్రాముల్లో ఎదురుచూపు ఒక సెకను, ప్రయత్నాలు మూడు. చదవడానికి మూడు సార్లు, రాయడానికి మూడు సార్లు, మొత్తం ఆరు సెకన్లు గైర్హాజరైనవాడి కోసం పోయాయి. రెండు సెకన్లకు దగ్గర్లో ఉన్న చుట్టు 7.9 సెకన్లకు చేరింది. గడువు 3 సెకన్లుగా ఉన్న పందొమ్మిది డ్రైవ్‌లూ ఒకదాని తర్వాత ఒకటి పడిపోవడానికి ఇంకేం కావాలి? వాటి తీగ బాగుంది, కార్డు బాగుంది, నంబరు సరైనదే. వాటి వంతు రాలేదు, అంతే.

సరిచేయడం ప్రోగ్రామ్‌లోనే. 10 మిల్లీసెకన్లలో జవాబిచ్చే డ్రైవ్ కోసం ఒక సెకను ఆగాల్సిన పని లేదు. ఎదురుచూపును 200 మిల్లీసెకన్లు చేసి, ప్రయత్నాలను రెండుకు తగ్గిస్తే, చనిపోయిన డ్రైవ్ ఖర్చు ఒక చుట్టుకు 0.8 సెకను. చుట్టు మొత్తం 2.7 సెకన్లకు దిగుతుంది. పందొమ్మిదీ నిలబడతాయి, కాని అంచు మీదే. ఇంకా మంచి పద్ధతి, జవాబివ్వని నంబరును పక్కన పెట్టి పది చుట్లకు ఒకసారి మాత్రమే పలకరించడం.

బాడ్ రేట్‌ను 19200 చేస్తే చుట్టు సగం అవుతుందని అనిపిస్తుంది. అవ్వదు. అక్షరాల కాలం, నిశ్శబ్దాల కాలం సగమవుతాయి గానీ డ్రైవ్ ఆలోచించుకునే 10 మిల్లీసెకన్లు అలాగే ఉంటాయి. లెక్క కడితే ఒక డ్రైవ్‌కు 59 మిల్లీసెకన్లు, ఇరవైకి 1.18 సెకన్లు. సగం కాకపోయినా ఇది పెద్ద లాభమే. పై సవరణతో కలిపితే ఒక డ్రైవ్ చచ్చినా చుట్టు రెండు సెకన్ల లోపే తిరిగి వస్తుంది.

బ్రేక్‌డౌన్ వచ్చినప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న అందుకే ‘ఎన్ని డ్రైవ్‌లు ఫాల్ట్ చూపిస్తున్నాయి?’ అన్నది. ఒక్కటే చూపిస్తే దాని దగ్గరికి వెళ్ళాలి. అన్నీ చూపిస్తే మాస్టర్ దగ్గరికి. ఒకటి తప్ప అన్నీ చూపిస్తే, ఆ చూపించనిదాని దగ్గరికి. ఒక చోటు నుంచి చివరి దాకా ఉన్నవన్నీ చూపిస్తే, ఆ చోట తీగ తెగింది.

డ్రైవ్ రాసుకునే చిట్టా

చాలామంది తెరిచి చూడని పారామీటర్లు మూడున్నాయి. ఏసీఎస్550లో వాటి నంబర్లు 5306, 5307, 5308. మొదటిది సరిగ్గా అందిన సందేశాల లెక్క. రెండోది చెక్ తప్పిన సందేశాల లెక్క, అంటే సీఆర్‌సీ ఎర్రర్లు. మూడోది అక్షరం రూపమే సరిగా లేని సందర్భాల లెక్క, యూఏఆర్‌టీ ఎర్రర్లు. ఇతర కంపెనీల డ్రైవ్‌లలోనూ చాలావాటిలో ఇలాంటి కౌంటర్లు ఉంటాయి. మాన్యువల్‌లో మోడ్‌బస్ అధ్యాయం తెరిస్తే దొరుకుతాయి.

డ్రైవ్ ముందు నిలబడి ఈ మూడింటినీ ఒక్క నిమిషం చూస్తే గంట వెతుకులాట తప్పుతుంది. మూడూ కదలకపోతే డ్రైవ్‌కు ఏమీ అందడం లేదు. తీగ తెగి ఉండాలి, మాస్టర్ ఆగి ఉండాలి, లేదా నంబరు తప్పై ఉండాలి. మూడోది పరుగెడుతుంటే బాడ్ రేటో పారిటీనో కలవలేదు. 9600 దగ్గర ఒక బిట్ నిడివి 104 మైక్రోసెకన్లు, 19200 దగ్గర 52. ఒకరు 104 లెక్కన మాట్లాడుతుంటే మరొకరు 52 లెక్కన వింటే అక్షరం అక్షరంగా చేరదు. రెండోది పెరుగుతుంటే అక్షరాలు చేరుతున్నాయి గానీ దారిలో పాడవుతున్నాయి. కారణం విద్యుత్ రొద కావచ్చు, లేదా ఒకే నంబరున్న రెండు డ్రైవ్‌లు ఒకేసారి జవాబివ్వడం కావచ్చు.

ఈ చివరిది కొత్త డ్రైవ్ బిగించిన రోజున తరచూ వస్తుంది. స్టోర్ నుంచి వచ్చిన డ్రైవ్ ఫ్యాక్టరీ సెట్టింగుల్లో, ఏసీఎస్550 అయితే నంబరు 1తో వస్తుంది. లైన్‌లో అప్పటికే ఒక 1 ఉంది. కొత్త డ్రైవ్ పెట్టింది పదిహేడో చోట, పాడైంది మొదటి డ్రైవ్ సంభాషణ. పదిహేడో డ్రైవ్ పక్కన నిలబడి ఎంత వెతికినా ఏమీ దొరకదు. నంబరు మార్చాక కూడా చాలా డ్రైవ్‌లు కరెంటు తీసి మళ్ళీ ఇచ్చేదాకా పాత నంబరుకే పలుకుతాయి. ‘నంబరు సరిగ్గానే పెట్టాను, అయినా రావడం లేదు’ అనే కుర్రవాడి మాటలో నిజం ఉంటుంది. ఆ ఒక్క మెట్టు మాత్రం మిగిలిపోయి ఉంటుంది.

ఒక్క మాట గుర్తుంచుకోవాలి. డ్రైవ్ నుంచి ‘ఆ చిరునామాలో విలువ లేదు’ అని ఎక్సెప్షన్ కోడ్ 2 వస్తే, అది కమ్యూనికేషన్ పోయినట్టు కాదు. తప్పని చెప్పినా అది జవాబే. తీగ, బాడ్ రేట్, నంబరు అన్నీ బాగున్నాయని అర్థం. అప్పుడు చూడాల్సింది రిజిస్టర్ నంబరు. చాలాసార్లు ఒక అంకె పక్కకు జరిగి ఉంటుంది, ఎందుకంటే మాన్యువల్‌లో 40001 అని రాసింది తీగ మీద సున్నాగా వెళుతుంది.

మల్టీమీటర్ చెప్పే రెండు అంకెలు

మీటర్ పెట్టే ముందు ఒక హెచ్చరిక. 415 వోల్ట్‌ల సరఫరా మీద డ్రైవ్ లోపలి డీసీ బస్ సుమారు 587 వోల్ట్‌లు ఉంటుంది. మెయిన్ ఆపినా కెపాసిటర్లు ఆ చార్జిని కొన్ని నిమిషాలు పట్టి ఉంచుతాయి. ఏబీబీ మాన్యువల్‌లో 5 నిమిషాలు ఆగమని ఉంటుంది. పెద్ద డ్రైవ్‌లకు కొన్ని కంపెనీలు ఇంకా ఎక్కువ చెబుతాయి. మీ మాన్యువల్ చెప్పినంతసేపు ఆగి, డీసీ టెర్మినళ్ళ మీద వోల్టేజ్ కొలిచాకే చేయి పెట్టండి. ప్రొడక్షన్ వాళ్ళు వెనక నిలబడి తొందరపెడుతున్నా సరే.

మోడ్‌బస్ వాడే తీగ పద్ధతి పేరు ఆర్ఎస్-485. జత తీగల రెండు చివర్లా 120 ఓమ్‌ల చొప్పున రెండు రెసిస్టర్లు ఉండాలి. అన్నీ ఆపి, ఏ, బీ అని పిలిచే ఆ రెండు తీగల మధ్య కొలిస్తే రెండు 120లు సమాంతరంగా కలిసి 60 ఓమ్‌లు కనిపించాలి. బయాస్ రెసిస్టర్లు కూడా ఉంటే 57 దాకా దిగవచ్చు, కంగారు లేదు. 120 వస్తే ఒక చివర రెసిస్టర్ లేదు, లేదా మధ్యలో తీగ తెగింది. 40 వస్తే మూడు ఉన్నాయి. డ్రైవ్‌లలో ఈ రెసిస్టర్‌ను కలిపే చిన్న స్విచ్ ఉంటుంది. ఎవరో ‘మంచిదే కదా’ అని మధ్య డ్రైవ్‌లోనూ ఆన్ చేసి వదిలేస్తారు. ఇరవైలోనూ ఆన్ చేసి ఉంటే మీటర్ 6 ఓమ్‌లు చూపిస్తుంది.

మూడోది ఉంటే నష్టమేమిటి? ఎవరూ మాట్లాడనప్పుడు తీగల మధ్య కనీసం 200 మిల్లీవోల్ట్‌ల తేడా నిలిచి ఉండాలి. అంతకు తగ్గితే వినేవాడికి అది సున్నానా, ఒకటా తెలియదు. ఆ తేడాను నిలబెట్టడానికి మాస్టర్ దగ్గర 5 వోల్ట్‌ల నుంచి 560 ఓమ్‌ల రెసిస్టర్లు రెండు కడతారు. లైన్ 60 ఓమ్‌లు ఉన్నప్పుడు తేడా 5 × 60 ÷ 1180, అంటే 254 మిల్లీవోల్ట్‌లు. సరిపోయింది. మూడో రెసిస్టర్ వేసి లైన్ 40 అయితే 5 × 40 ÷ 1160, అంటే 172. గీత కిందికి వెళ్ళిపోయింది. కొత్త చిప్‌లు దీన్ని తట్టుకుంటాయి. పాతవి లేని అక్షరాలు విన్నట్టు ఊహించుకుని తికమకపడతాయి. అందుకే రెండో కొలత, లైన్‌కు కరెంటు ఉండగా, మాస్టర్‌ను మాట్లాడకుండా ఆపి, రెండు తీగల మధ్య డీసీ వోల్టేజ్. 200 దాటిందా లేదా?

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. కమ్యూనికేషన్ పోయిందనగానే చివరి రెసిస్టర్ వేశారా అని అడగడం మన దగ్గర అలవాటైంది. 9600 దగ్గర, మూడు వందల మీటర్ల లైన్‌లో దాని లోటు అసలు కారణమయ్యే సందర్భాలు తక్కువ. తీగలో సంకేతం మీటరుకు సుమారు 5 నానోసెకన్ల చొప్పున ప్రయాణిస్తుంది. 300 మీటర్ల చివరికి వెళ్ళి ప్రతిధ్వనిలా వెనక్కి రావడానికి 3 మైక్రోసెకన్లు. బిట్ నిడివి 104. డ్రైవ్ ఆ బిట్‌ను చదివేది మధ్యలో, 52 దగ్గర. అప్పటికి ప్రతిధ్వనులు సద్దుమణిగిపోతాయి. రెసిస్టర్ వేయాల్సిందే, నియమం అదే, కాదనను. వెతుకులాట మాత్రం అక్కడే మొదలుపెట్టి అక్కడే ఆగిపోకూడదు.

అదే ప్రొఫిబస్ అనే మరో నెట్‌వర్క్ 12 మెగాబిట్ వేగంతో నడుస్తుంటే కథ పూర్తిగా వేరు. అక్కడ ఒక బిట్ 83 నానోసెకన్లు. 100 మీటర్ల తీగలో ఒకే క్షణంలో ఆరు బిట్లు ఒకదాని వెనక ఒకటి ప్రయాణంలో ఉంటాయి. చివర రెసిస్టర్ లేకపోతే వెనక్కి వచ్చే ప్రతిధ్వని వేరే బిట్‌ను ఢీకొంటుంది. అందుకే ఆ వేగానికి ఒక సెగ్మెంట్ నిడివి 100 మీటర్లు దాటకూడదు, 93.75 కిలోబిట్ దగ్గరైతే 1200 దాకా పోవచ్చు. ప్రొఫిబస్ కనెక్టర్ మీది స్విచ్‌కు మరో గుణం ఉంది. సీమెన్స్ తరహా కనెక్టర్లలో దాన్ని ఆన్ చేస్తే అవతలికి వెళ్ళే తీగ లోపలే విడిపోతుంది. మధ్య డ్రైవ్ దగ్గర ఎవరి చేయో తగిలి స్విచ్ ఆన్ అయితే, ఆ తర్వాతి డ్రైవ్‌లన్నీ ఒక్కసారిగా మాయం. ఇంకొకటి, ఈ చివరి రెసిస్టర్లకు 5 వోల్ట్‌లు ఇచ్చేది చివరి డ్రైవే. దాన్ని మెయింటెనెన్స్ కోసం ఆపితే రెసిస్టర్ ఉండీ లేనట్టే.

ఏ, బీ పేర్ల గందరగోళం కూడా చెప్పాలి. ప్రమాణం ప్రకారం ఎవరూ మాట్లాడనప్పుడు ఏ కన్నా బీ ఎక్కువ వోల్టేజ్ మీద ఉండాలి. చాలా చిప్ కంపెనీలు ఈ పేర్లు తలకిందులుగా పెట్టాయి. రెండు కంపెనీల పరికరాలు కలిపేటప్పుడు ఏను ఏకు, బీని బీకి కట్టినా పని చేయకపోతే, తీగలు తారుమారు చేసి చూడండి. ఏమీ కాలిపోదు. మూడో తీగను, అంటే కామన్‌ను మాత్రం వదిలేయకండి. వినే చిప్ తన గ్రౌండ్ కన్నా 7 వోల్ట్‌లు కిందికీ, 12 వోల్ట్‌లు పైకీ మాత్రమే తట్టుకుంటుంది. రెండు ప్యానెళ్ళ ఎర్తింగ్ మధ్య అంతకు మించిన తేడా ఉంటే మాట వినబడదు, ఒక్కోసారి చిప్పే పోతుంది.

మోటారు తిరిగినప్పుడే వచ్చే ఫాల్ట్

మోటారు ఆగి ఉన్నంతసేపూ అంతా బాగుంటుంది. రన్ ఇచ్చిన క్షణం నుంచి సీఆర్‌సీ లెక్క పెరుగుతుంది. ఇది అన్నిటికన్నా విసిగించే ఫాల్ట్.

డ్రైవ్ మోటారుకు పంపేది మనం అనుకునే నున్నటి తరంగం కాదు. 587 వోల్ట్‌లను సెకనుకు వేలసార్లు కలిపి తెంచే మెట్లు. ఒక్కో మెట్టు ఎంత నిటారుగా ఉంటుందంటే మైక్రోసెకనుకు 5,000 వోల్ట్‌ల వేగంతో లేవగలదు. మోటారు కేబుల్‌కూ ఎర్త్‌కూ మధ్య కాస్తంత కెపాసిటెన్స్ తప్పనిసరిగా ఉంటుంది. అది ఒక్క నానోఫారడ్ అనుకున్నా, ప్రతి మెట్టుకూ 5 ఆంపియర్ల కరెంటు క్షణకాలం ఎర్త్‌లోకి దూకుతుంది. ఆ పక్కనే వెళుతున్న కమ్యూనికేషన్ తీగ మీద సంకేతం బలం 1.5 వోల్ట్‌లు ఉన్నా నిబంధన ప్రకారం సరైనదే. ఎంత అసమానమైన పోటీయో చూడండి.

ఆ 5 ఆంపియర్లు తిరిగి డ్రైవ్‌కు చేరే దారి మోటారు కేబుల్ షీల్డ్. చాలా ప్యానెళ్ళలో షీల్డ్‌ను మెలిపెట్టి, పది సెంటీమీటర్ల జడలా చేసి ఎర్త్ బార్‌కు బిగిస్తారు. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. పది సెంటీమీటర్ల తీగ ఇండక్టెన్స్ సుమారు 100 నానోహెన్రీలు. 10 మెగాహెర్ట్జ్ దగ్గర అది 6.3 ఓమ్‌లు అడ్డుపడుతుంది. 5 ఆంపియర్లు దాని గుండా పోతే ఉజ్జాయింపుగా 30 వోల్ట్‌లు. వినే చిప్ తట్టుకునేది పైకి 12. మల్టీమీటర్‌తో ఆ జడను కొలిస్తే సున్నా ఓమ్‌లే చూపిస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. షీల్డ్‌ను చుట్టూ పట్టుకునే క్లాంప్‌తోనో, ఈఎంసీ గ్లాండ్‌తోనో బిగిస్తే ఆ పది సెంటీమీటర్లు ఉండవు.

దూరాలు కూడా అంకెల్లోనే ఉన్నాయి. మోటారు కేబుల్‌కూ కంట్రోల్ కేబుళ్ళకూ మధ్య 500 మిల్లీమీటర్లు ఉంచమని ఏబీబీ మాన్యువళ్ళు చెబుతాయి. దాటాల్సి వస్తే 90 డిగ్రీల్లో, అడ్డంగా దాటాలి. ఒకే ట్రేలో రెండింటినీ టైలతో కట్టి యాభై మీటర్లు నడిపిన చోట ఏ ఖరీదైన కార్డు తెచ్చినా ప్రయోజనం ఉండదు. డ్రైవ్ ఈ మెట్లు కొట్టే వేగాన్ని, అంటే క్యారియర్ ఫ్రీక్వెన్సీని, 8 కిలోహెర్ట్జ్ నుంచి 4కు దించితే మెట్ల సంఖ్య సగమవుతుంది, ఎర్రర్లు తగ్గవచ్చు. కాని ఒక్కో మెట్టు నిటారుతనం అలాగే ఉంటుంది. ఆ రాత్రి గడవడానికి అది పనికొస్తుంది, కేబుల్ మార్చే పనిని తప్పించదు.

నిర్ధారణకు తేలికైన పరీక్ష ఉంది. డ్రైవ్‌కు కరెంటు ఉంచి, మోటారు ఆపి, పది నిమిషాలు సీఆర్‌సీ లెక్క చూడండి. మోటారు నడిపి మరో పది నిమిషాలు చూడండి. రెండు అంకెలూ కాగితం మీద పక్కపక్కన రాసుకోండి. నడిచినప్పుడే పెరిగితే సెట్టింగుల జోలికి వెళ్ళకండి, కేబుళ్ళ దగ్గరికి వెళ్ళండి.

ఈథర్నెట్ వచ్చాక

కొత్త ప్లాంట్లలో ప్రొఫినెట్ లాంటి ఈథర్నెట్ పద్ధతులు వచ్చాయి. రెసిస్టర్ గొడవ పోయింది, ఓపిక మాత్రం బాగా తగ్గింది. 2 మిల్లీసెకన్లకు ఒకసారి సమాచారం మారేలా పెట్టి, మూడు సార్లు రాకపోతే తెగినట్టే అన్న మామూలు సెట్టింగ్ వదిలేస్తే గడువు 6 మిల్లీసెకన్లు. కేబుల్ తెగినా నడవాలని డ్రైవ్‌లను రింగ్‌గా కడతారు. ఎంఆర్‌పీ అనే పద్ధతిలో నడిచే రింగ్ దారి మళ్ళడానికి 200 మిల్లీసెకన్ల దాకా పట్టవచ్చు. రింగ్ తన పని సరిగ్గా చేసేలోపే డ్రైవ్‌లన్నీ ట్రిప్ అవుతాయి. డబ్బు పెట్టి కట్టిన రింగ్ ఎందుకూ కొరగాదు. ప్రక్రియ ఒప్పుకుంటే సైకిల్‌ను 8 మిల్లీసెకన్లు, ఎదురుచూపును 30 సైకిళ్ళు చేస్తే 240 అవుతుంది, రింగ్‌కు ఊపిరి అందుతుంది.

రింగ్ కాకుండా వరసగా కట్టినచోట, ప్రతి డ్రైవ్‌లోని రెండు పోర్టుల చిన్న స్విచ్ గుండానే తర్వాతి డ్రైవ్‌కు దారి. ఒక డ్రైవ్‌కు కరెంటు తీస్తే దాని వెనకున్నవన్నీ పోతాయి. కంట్రోల్ బోర్డుకు విడిగా 24 వోల్ట్‌లు ఇస్తే మెయిన్ ఆపినా ఆ దారి తెరిచే ఉంటుంది.

తెగినప్పుడు ఏం చేయాలి

గడువు దాటితే డ్రైవ్ ఏం చేయాలన్నది మనమే చెప్పాలి. ఏసీఎస్550లో 3018 అనే పారామీటర్‌కు నాలుగు జవాబులు: పట్టించుకోకు, ట్రిప్ అవ్వు, నిర్ణయించిన ఒక వేగంతో నడువు, చివరి వేగంతోనే నడువు. ఫాల్ట్‌లతో విసిగిపోయిన చోట మొదటిది పెట్టేసి ‘ప్రాబ్లం సాల్వ్’ అని రిజిస్టర్‌లో రాస్తారు. దీన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. కన్వేయర్ మీద మనిషి చేయి చిక్కుకుంది, కంట్రోల్ రూమ్ నుంచి స్టాప్ కొట్టారు, తీగ తెగి ఉంది, డ్రైవ్ పట్టించుకోలేదు. ఎమర్జెన్సీ స్టాప్‌ను ఇలాంటి మామూలు నెట్‌వర్క్ మీద కాకుండా నేరుగా తీగతో కట్టాలన్న నియమం అందుకే ఉంది. ఆ నియమం ఉన్నా, వినికిడి పోయిన డ్రైవ్‌ను మౌనంగా తిరగనివ్వకూడదు.

క్లీన్ రూమ్ బ్లోయర్‌కు మాత్రం ట్రిప్ కూడా తప్పే. చివరి వేగంతో నడుస్తూ, కంట్రోల్ రూమ్‌లో అలారం మోగించాలి. రన్ ఆదేశాన్ని విడి తీగ మీద ఇచ్చి, స్పీడ్‌ను మాత్రమే నెట్‌వర్క్ మీద పంపితే ఇది సులువుగా కుదురుతుంది. మొదట్లో చెప్పిన పందొమ్మిది బ్లోయర్లకూ ఈ ఒక్క సెట్టింగ్ ఉండి ఉంటే గదుల్లో ఒత్తిడి నిలిచేది, ఎలక్ట్రీషియన్ నింపాదిగా ఆ ఫ్యూజ్ మార్చి వచ్చేవాడు.

బాగు చేశాక ఒక్కరోజు ఆగి చూడాలి. 1.18 సెకన్ల చుట్టుకు రెండు సందేశాల చొప్పున ఒక్కో డ్రైవ్‌కు రోజుకు దాదాపు 1 లక్షా 46 వేల సందేశాలు అందుతాయి. అందులో పది సీఆర్‌సీ ఎర్రర్లంటే పద్నాలుగున్నర వేలకు ఒకటి, దాన్ని వదిలేయవచ్చు. పదిహేను వందలు ఉంటే నూటికి ఒకటి పోతోందన్నమాట. ఇవాళ ట్రిప్ కాకపోయినా ఆ లైన్‌లో పని మిగిలే ఉంది. ఈరోజు ఉదయం షిఫ్ట్ మారేటప్పుడు ఇరవై డ్రైవ్‌ల అంకెలూ లాగ్‌బుక్‌లో రాయండి, రేపు అదే సమయానికి మళ్ళీ రాయండి. తేడా ఏ డ్రైవ్ దగ్గర ఎక్కువుందో, కేబుల్ ట్రే మూత అక్కడ తీయండి.